రంగూన్ పడిపోయింది మార్చి 8న కాదు

అడిగిన ప్రశ్న ఇది: "1942లో జపాన్ వాళ్ళు బర్మాని నాలుగు నెలల్లో ఎలా పట్టేశారు? బ్రిటిష్ వాళ్ళు మరీ అంత చేతగానివాళ్ళా? దానివల్ల మనకి జరిగింది వైజాగ్ మీద నాలుగు బాంబులు పడడమేనా, ఇంకేమైనా ఉందా?"

మూడూ కలిపే చెప్తాను, ఎందుకంటే ఇవి మూడు వేరు వేరు కథలు కావు. ముందు నా గురించి ఒక్క ముక్క. ఆర్మీలో ఇరవై రెండేళ్ళు సప్లై వైపు చేశాను. తుపాకుల కంటే బియ్యం మూటలు, డీజిల్ పీపాలు, లారీ టైర్లు ఎక్కువ చూసినవాణ్ణి, అందులో రెండేళ్ళకు పైగా మణిపూర్‌లో. అందుకే ఎవరైనా యుద్ధం గురించి చెప్తుంటే నాకు ముందు వచ్చే అనుమానం "సరే, సరుకు ఎవరు దింపారు, ఏ రోడ్డు మీద వచ్చింది" అనే. ఆ అలవాటుతోనే చెప్తున్నాను, నచ్చనివాళ్ళు నచ్చని చోట కొట్టిపారేయండి.

బర్మా రాజధాని రంగూన్ 1942 మార్చి 8న జపాన్ చేతికి పోయింది. తేదీలో తప్పులేదు. నా లెక్కలో మాత్రం ఆ ఊరు 1941 డిసెంబర్ 23నే పోయింది. ఆరోజు జరిగింది చెప్పే ముందు అసలు జపాన్‌కి బర్మాతో ఏం పనో చూడాలి.

జపాన్ ప్రధానంగా కన్నేసింది మలయా, సింగపూర్, డచ్ వాళ్ళ చేతిలో ఉన్న ఇండోనేషియా నూనె మీద. బర్మా మలయాకి పెరటి గుమ్మం లాంటిది, అటునుంచి ఇండియా సైన్యం వచ్చి పడకుండా మూయాలి. రెండోది బర్మా రోడ్డు. రంగూన్ రేవులో దిగిన అమెరికా సరుకు రైల్లో లాషియో వెళ్ళి, అక్కణ్ణుంచి లారీల్లో కొండలెక్కి చైనాలో కున్మింగ్ చేరేది. చైనా తీరమంతా జపాన్ చేతిలో ఉండగా అక్కడి నాయకుడు చియాంగ్ కై షేక్‌కి దిక్కు ఆ దారే. యెనాంజావ్ నూనె బావులు, ఐరావతి డెల్టా బియ్యం ఎలాగూ ఉన్నాయి. ఇంత పనికి వాళ్ళు పంపింది ఎంతమందిననుకున్నారు? జనరల్ ఇడా షోజిరో కింద రెండంటే రెండు డివిజన్లు (వేలమంది సైనికులుండే పెద్ద దళాలు), 33, 55. అవీ పూర్తి బలంతో లేవు. సింగపూర్ పడ్డాక ఇంకో రెండు డివిజన్లు సముద్రం మీద వచ్చాయి గానీ అప్పటికే అసలు పని అయిపోయింది.

బ్రిటిష్ వైపు సంగతి ఇంకా విచిత్రం. 1937 దాకా బర్మా ఇండియాలో భాగం, ఆ ఏడాది ఏప్రిల్ 1న విడదీశారు. ఆ తర్వాత బర్మా రక్షణ ఎవరి బాధ్యత అన్నది సింగపూర్, ఢిల్లీ, జావా, మళ్ళీ ఢిల్లీ, ఇలా చేతులు మారుతూనే ఉంది. అందరి బాధ్యత అంటే ఎవరిదీ కాదని ఏ ఆఫీసులో పనిచేసినవాడికైనా తెలుసు. అన్నిటికంటే ముఖ్యం, ఇండియాకీ బర్మాకీ మధ్య లారీ పోయే రోడ్డు ఒక్కటి కూడా లేదు. రాకపోకలన్నీ ఓడల్లోనే. అంటే సైన్యం రావాలన్నా, గుండు రావాలన్నా, గోధుమపిండి రావాలన్నా గుమ్మం ఒకటే, రంగూన్ రేవు.

ఆ రేవులో మూటలు మోసేది ఎవరు? మనవాళ్ళు.

1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం నాలుగు లక్షలైతే అందులో సగానికి పైగా భారతీయులే. రేవు పని, బియ్యం మిల్లులు, రిక్షాలు, వీధులూ మరుగుదొడ్లూ ఊడ్చే పని, వీటిలో తెలుగువాళ్ళు కిక్కిరిసి ఉండేవాళ్ళు. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి మేస్త్రీలు అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్ళేవాళ్ళు, ఆ అప్పు తీరేదాకా మేస్త్రీ చెప్పిందే వేదం. బర్మావాళ్ళు వీళ్ళని కోరంగీలు అనేవాళ్ళు, కాకినాడ దగ్గర కోరంగి రేవు పేరు మీద. శ్రీకాకుళం వైపు పాతవాళ్ళు ఇప్పటికీ రంగూన్ అనరు, "రంగం" అంటారు. 1930 మేలో రేవు కూలీలు జీతం పెంచమని సమ్మె చేస్తే కంపెనీలు బర్మావాళ్ళని పనిలో పెట్టుకుని, రాజీ కుదిరాక వాళ్ళని పొమ్మన్నాయి. గొడవ కంపెనీల మీదికి పోలేదు, కూలీ కూలీ మీద పడ్డాడు. వంద మందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్ళు. ఆ ఊళ్ళో తమకి కష్టం వస్తే అడ్డం పడేవాడు లేడని వాళ్ళకి పదకొండేళ్ళ ముందే తెలిసిపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి.

డిసెంబర్ 23 పగటిపూట జపాన్ విమానాలు వచ్చాయి. జనానికి బాంబులంటే ఏంటో తెలీదు, రోడ్ల మీదికొచ్చి తలెత్తి చూస్తున్నారట. చచ్చినవాళ్ళు రెండు వేల దాకా ఉంటారని అంచనా. క్రిస్మస్ రోజు మళ్ళీ వచ్చాయి. ఆ రెండు దాడుల మధ్యా, ఆ తర్వాతా రేవు కూలీలు, పారిశుధ్య కార్మికులు, మిల్లు పనివాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని ఉత్తరానికి పోయే ప్రోమ్ రోడ్డు పట్టారు. నడిచి ఇండియా వెళ్ళిపోదామని! రేవులో ఓడలున్నాయి, వాటిలో సరుకుంది, దింపేవాడు లేడు. వీధుల్లో శవాలున్నాయి, తీసేవాడు లేడు. అధికారులు వెంటపడి, బతిమాలి, మేం చూసుకుంటామని మాటిచ్చి వేలమందిని సగం దారి నుంచి వెనక్కి తెచ్చారు. ఓడ ఎక్కి పోతారని వయసులో ఉన్న మగవాళ్ళకి డెక్ టికెట్లు ఆపేశారు. డబ్బున్నవాళ్ళు కేబిన్ టికెట్ కొనుక్కుని పోవచ్చు. డెక్ మీద పోయే కూలీకి మాత్రం దారి లేదు. తీరా ఫిబ్రవరిలో ఊరు ఖాళీ చేయమన్నప్పుడు, ఆ మాట నమ్మి వెనక్కొచ్చినవాళ్ళకి రెండు నెలలు ఆలస్యమైపోయింది.

పెద్ద పెద్ద చరిత్రల్లో దీన్ని "లేబర్ ఇబ్బందులు" అని అరపేజీలో తేల్చేస్తారు. సప్లై చూసినవాణ్ణిగా చెప్తున్నాను, రేవులో కూలీ లేకపోతే జనరల్ ఎంత తెలివైనవాడైనా ఒకటే. చైనా కోసం వచ్చిన లారీలు వందల కొద్దీ బిగించకుండానే రేవులో పడి ఉండి, చివరికి జపాన్‌కి దక్కకూడదని తగలబెట్టారు.

ఇక యుద్ధం. జనవరి 20 ప్రాంతంలో 55వ డివిజన్ థాయ్‌లాండ్ సరిహద్దు కొండలు దాటింది. కంచరగాడిదలు, ఎద్దులు, మోసుకెళ్ళగలిగినంత తిండి, మిగతాది శత్రువు దగ్గర దొరుకుతుందన్న ధీమా. ఎదురుగా ఉన్నది 17వ ఇండియన్ డివిజన్, కమాండర్ జాన్ స్మిత్, మొదటి ప్రపంచ యుద్ధంలో విక్టోరియా క్రాస్ అందుకున్న మనిషి. ఆ డివిజన్‌ని సిద్ధం చేసింది ఎడారి కోసం. దాని సొంత బ్రిగేడ్లలో రెండింటిని ముందే మలయా, సింగపూర్ వైపు లాక్కుపోయారు, బదులుగా అక్కడొకటీ ఇక్కడొకటీ ఏరి అతికించారు. కుర్రాళ్ళలో చాలామంది కొత్తగా చేరినవాళ్ళు. లారీల మీద నడిచే సైన్యం, కాబట్టి రోడ్డుకి అతుక్కుని ఉండేది. జపాన్ వాళ్ళు అడవిలోంచి చుట్టు తిరిగి వెనక రోడ్డు మీద నాలుగు చెట్లు అడ్డం పడేసి కూర్చునేవాళ్ళు. ముందు నుంచి చూస్తే పెద్ద దాడేం ఉండదు, వెనక్కి చూస్తే దారి ఉండదు. రేషన్ లారీ రాలేదన్న కబురు తెలిసిన రాత్రి బెటాలియన్ ధైర్యం ఎలా జారిపోతుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

స్మిత్ మొదట్నుంచీ ఒకటే మాట, సిట్టాంగ్ నది దాటి అవతల గట్టు మీద నిలబడదాం అని. పైనున్న బర్మా సైన్యాధిపతి హట్టన్ ముందుకే ఉండమన్నాడు, ఎందుకంటే ఆయనకి రంగూన్ రేవులో ఇంకా దిగాల్సిన సైన్యం కోసం రోజులు కావాలి. ఇద్దరి వాదనా వాళ్ళ వాళ్ళ చోట సబబే, అదే ఇక్కడ విషాదం. జనవరి 31న మౌల్మీన్ పోయింది. బిలిన్ దగ్గర నాలుగు రోజులు కొట్టుకున్నారు. ఫిబ్రవరి 20కి వెనక్కి రమ్మన్నారు, సిట్టాంగ్ దాకా ఒకటే దుమ్ము రోడ్డు, నీళ్ళు లేవు, పైనుంచి జపాన్ విమానాలతో పాటు పొరపాటున సొంత విమానాలూ బాంబులేశాయి. వంతెన రైలు వంతెన, అర కిలోమీటరు పొడవు, లారీలు పోవడానికి పట్టాల మీద చెక్కలు పరిచారు. ఆ రాత్రి ఒక లారీ చెక్కల మీద నుంచి జారి ఇరుక్కుంటే గంటల తరబడి మొత్తం డివిజన్ ఆగిపోయింది. ఒక్క లారీ! తెల్లారేసరికి జపాన్ వాళ్ళు తూర్పు గట్టు మీదికి వచ్చేశారు.

ఫిబ్రవరి 23 తెల్లవారుజామున అయిదున్నరకి వంతెన పేల్చేశారు. రెండు బ్రిగేడ్లు ఇంకా అవతలే ఉన్నాయి. గూర్ఖాలు, పంజాబీలు, డోగ్రాలు, ఇంగ్లీషు పటాలాల వాళ్ళు వెదురు తెప్పలు కట్టుకుని, ఈత వచ్చినవాళ్ళు ఈది, రానివాళ్ళు మునిగి, ఎలా వీలైతే అలా వచ్చారు. లెక్క చూసుకుంటే డివిజన్ కాల్బలంలో తేలినవాళ్ళు 3,484 మంది, వాళ్ళ చేతుల్లో 1,420 రైఫిళ్ళు. చాలామందికి కాళ్ళకి బూట్లు లేవు. స్మిత్ ఉద్యోగం పోయింది. పేల్చమన్నవాళ్ళని తిట్టడం తేలికే గానీ, వంతెన చెక్కుచెదరకుండా దొరికితే జపాన్ వాళ్ళు రెండు రోజుల్లో రంగూన్‌లో ఉండేవాళ్ళు. పేలడం వల్ల పై నుంచి చుట్టూ తిరిగి నది దాటడానికి వారం పైన పట్టింది. ఆ వారంలో 7వ ఆర్మర్డ్ బ్రిగేడ్ ట్యాంకులు రంగంలోకి దిగాయి, ఆ ట్యాంకులు లేకపోతే తర్వాత ఇండియాకి తిరిగి రావడానికి సైన్యమే మిగిలేది కాదు.

రంగూన్ ఆఖరి రోజుల గురించి ఎంతైనా చెప్పొచ్చు. జైళ్ళూ పిచ్చాసుపత్రీ తలుపులు తీసేశారు, ఖాళీ ఇళ్ళు దోచేశారు, మార్చి 7న సిరియం నూనె శుద్ధి కర్మాగారం అంటించారు. కొత్తగా వచ్చిన జనరల్ అలెగ్జాండర్ ఊరు వదిలి ఉత్తరానికి బయల్దేరితే టౌక్యాన్ దగ్గర రోడ్డుకి అడ్డంగా జపాన్ దళం. దాడి మీద దాడి చేసినా కదల్లేదు. మర్నాడు పొద్దున్న చూస్తే ఎవరూ లేరు! 33వ డివిజన్ పడమటి వైపు నుంచి రంగూన్ మీద పడాలని వెళ్తోంది, అది దాటేదాకా పక్కని కాపలాకి పెట్టిన దళం అది, పని అయిపోగానే ఎత్తేశారు. మొత్తం బ్రిటిష్ సైన్యం, జనరల్‌తో సహా, తమ వలలో పడిందని వాళ్ళకి తెలియదు. ఆర్డరు పాటించడంలో అంత గట్టివాళ్ళు, ఆర్డరులో లేనిది చూడడంలో అంత గుడ్డివాళ్ళు. ఈ లక్షణం మళ్ళీ 1944లో కనిపిస్తుంది.

ఆ తర్వాతి రెండు నెలలూ గబగబా చెప్పేస్తాను. బ్రిటిష్ జనరల్ స్లిమ్ వచ్చాడు, చైనా సైన్యాలు అమెరికా జనరల్ స్టిల్‌వెల్‌తో దిగాయి, యెనాంజావ్ బావులు ఏప్రిల్ 15న సొంత చేతులతో పేల్చుకున్నారు, అక్కడ జపాన్ చుట్టుముట్టిన బ్రిటిష్ వైపు డివిజన్ని సున్ లిజెన్ నడిపిన చైనా 38వ డివిజన్ విడిపించింది. ఏప్రిల్ 29న లాషియో పోయింది, దాంతో బర్మా రోడ్డు ఆఖరు. మే 10 ప్రాంతంలో చింద్విన్ నది దగ్గర దాదాపు ట్యాంకులన్నీ వదిలేసి, నది దాటి మణిపూర్ సరిహద్దులో ఉన్న "తాము" అనే ఊరి వైపు నడిచారు. నెల మధ్యలో వానలు పట్టాయి. బ్రిటిష్ సైన్యం చరిత్రలో అంత దూరం వెనక్కి నడిచింది ఇంకోటి లేదంటారు, సుమారు 1,500 కిలోమీటర్లు.

సైనికుల నడక గురించి రాసినవాళ్ళు ఉన్నారు. అదే దారిలో నడిచిన కూలీల గురించి రాసింది తక్కువ. బర్మా నుంచి ఇండియాకి వచ్చిన జనం మొత్తం అయిదు లక్షల దాకా. ఓడల్లో వచ్చినవాళ్ళు కొద్దిమంది, మిగతా దాదాపు అందరూ కాళ్ళ మీదే. ఒక దారి ప్రోమ్ నుంచి టౌంగుప్ కనుమ మీదుగా అరకాన్ తీరానికి, అక్కణ్ణుంచి చిట్టగాంగ్. ఇంకోటి చింద్విన్ దాటి తాము, పాలెల్, ఇంఫాల్, దిమాపూర్. మూడోది అన్నిటికంటే ఘోరం, హుకాంగ్ లోయ, పాంగ్సావ్ కనుమ, లెడో. కలరా, విరేచనాలు, మలేరియా, వాన, జలగలు, అన్నిటినీ మించి ఆకలి. దారిలో చచ్చిపోయినవాళ్ళ లెక్క ఎవరూ పక్కాగా రాయలేదు, పది వేల నుంచి యాభై వేల పైచిలుకు దాకా చెప్తారు. తెల్లవాళ్ళకి ఒక దారి, నల్లవాళ్ళకి ఇంకో దారి పెట్టారన్న ఆరోపణ ఆ రోజుల్లోనే గట్టిగా వచ్చింది. ఆదుకున్నదీ ఎక్కువగా ఇంకో రకం కూలీలే, రోడ్డు వెయ్యడానికీ శిబిరాలు నడపడానికీ అస్సాం టీ తోటల నుంచి పనివాళ్ళని తోలారు.

మా అమ్మమ్మ ఊళ్ళో తాము దారిన నడిచొచ్చిన ముసలాయన ఒకాయన ఉండేవాడు. చిన్నప్పుడు అడిగితే ఒకటే చెప్పేవాడు, "రంగంలో ఉప్పుండేది, దారిలో ఉప్పు లేదురా." ఏంటో అనుకునేవాణ్ణి. మణిపూర్ పోస్టింగ్‌లో పాలెల్ నుంచి మోరే దాకా కాన్వాయ్‌తో వెళ్ళినప్పుడు ఆ ఎక్కుడు చూశాక అర్థమైంది, ఎండలో చెమట కారిపోయి ఉప్పు లేక కాళ్ళు పట్టేస్తాయి, అలా కూర్చున్నవాళ్ళు మళ్ళీ లేవరు. మేం ఆ దూరం సగం పూటలో దాటేశాం.

వైజాగ్ సంగతికి వస్తున్నా. ఏప్రిల్ 6న ర్యూజో అనే విమాన వాహక నౌక నుంచి వచ్చిన విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. నష్టం మరీ పెద్దది కాదు. ఆ వారంలోనే బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడలు ముంచారు, కొలంబో, ట్రింకోమలీల మీద దాడి చేశారు. కానీ భయానికి నష్టంతో పనేముంది? ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకి తరలిపోయింది, మద్రాసులో ప్రభుత్వ ఆఫీసులు లోపలి ఊళ్ళకి సర్దేశారు, జూలో క్రూరమృగాలు తప్పించుకుంటాయేమోనని కాల్చేశారు. జపాన్ దిగుతుందని అనుకున్నారు. దిగే ఉద్దేశం వాళ్ళకి లేదు, దిగేంత సరుకు కూడా లేదు.

అసలు దెబ్బ బాంబులది కాదు, బియ్యానిది. యుద్ధానికి ముందు బర్మా ఏటా 30 లక్షల టన్నుల దాకా బియ్యం అమ్మేది, ప్రపంచంలో అంత అమ్మే దేశం లేదు, అందులో సగం దాకా ఇండియాకే. దేశం మొత్తం తినేదాంట్లో ఆ వాటా చిన్నదే, అందుకే ఢిల్లీలో ఎవరూ కంగారు పడలేదు. సింహళం, తిరువాన్కూరు, మలబారు, బెంగాల్ లాంటి చోట్లకి మాత్రం అది రోజూ పొయ్యి మీదికెక్కే గింజ. దానికి తోడు జపాన్ వస్తే ఏమీ దొరక్కూడదని బెంగాల్ తీరంలో పదిమందికి మించి పట్టే పడవల్ని స్వాధీనం చేసుకున్నారు, 40 వేలకు పైగా. డెల్టాలో పడవ తీసేస్తే చేపా లేదు, చేనుకి దారీ లేదు, సంతా లేదు. అక్టోబర్ 16న మిడ్నపూర్ తుపాను. సైన్యం కొనుగోళ్ళు, వ్యాపారుల దాపరికం, రాష్ట్రాల మధ్య సరిహద్దు ఆంక్షలు. 1942 మొదట్లో ఉన్న ధర 1943 మే నాటికి కలకత్తాలో అయిదింతలు. విచారణ కమిషన్ చెప్పిన చావులు 15 లక్షలు, తర్వాతి అంచనాలు 30 లక్షల దాకా. కరువు మొత్తం బర్మా పోవడం వల్లే వచ్చిందని నేను అనను, అది ఆనాటి ప్రభుత్వాన్ని తేలిగ్గా వదిలేయడం అవుతుంది. బర్మా బియ్యం ఆగడం నిప్పు రవ్వ, ఎండుగడ్డి పోగేసిపెట్టింది మాత్రం ఢిల్లీ, లండన్, కలకత్తా.

రాజకీయంగా కూడా చూడండి. మార్చి 8న రంగూన్ పడింది, 11న చర్చిల్ క్రిప్స్ రాయబారం ప్రకటించాడు. ఆ మూడు రోజుల తేడా చాలు. క్రిప్స్ వట్టి చేతులతో పోయాడు, ఆగస్టుకి క్విట్ ఇండియా.

"చేతగానివాళ్ళా" అన్న మాటకి జవాబు 1944లో ఉంది. అదే 33వ డివిజన్, అదే చింద్విన్, ఈసారి పడమటి వైపుకి. ఇండియా మీదికి వచ్చిన జపాన్ జనరల్ ముతాగుచి లెక్క 1942 లెక్కే, మూడు వారాల తిండి చాలు, మిగతాది ఇంఫాల్‌లో బ్రిటిష్ గోదాముల్లో తిందాం. దారిలో తినడానికి వేల పశువుల్ని కూడా తోలుకొచ్చాడు, చాలావరకు నదిలోనూ కొండల్లోనూ చచ్చాయి. కానీ ఈసారి వెనక రోడ్డు కోసేస్తే అవతలివాళ్ళు పారిపోలేదు. ఎక్కడున్నవాళ్ళు అక్కడే కూర్చున్నారు, తిండీ గుళ్ళూ విమానాల్లో వచ్చాయి. గోదాము చిక్కలేదు, వాన వచ్చింది. దాదాపు 85 వేల మందిలో 50 వేల పైన నష్టం, చచ్చినవాళ్ళలో చాలామందిని చంపింది ఆకలీ జబ్బులే. అంటే రెండేళ్ళ ముందు గెలిచింది జపాన్ పద్ధతి గొప్పతనం ఒక్కటే కాదు, అవతలివాడు రోడ్డుకి కట్టేసి ఉండడం. ఆ కట్టు తెగాక అదే పద్ధతి వాళ్ళ మెడకే చుట్టుకుంది.

ఇక బర్మాలో ఏం మిగిలిందో చెప్పకపోతే ఇది పూర్తికాదు. జపాన్ వెంట ఆంగ్ సాన్ బర్మా స్వాతంత్ర్య సైన్యం వచ్చింది, హైనాన్ దీవిలో జపాన్ శిక్షణ ఇచ్చిన ముప్ఫై మంది చుట్టూ అల్లిన సైన్యం. డెల్టాలో కరెన్‌ల ఊళ్ళ మీద ఆ దళాలు చేసిన దారుణాలు ఇప్పటికీ ఆరని చిచ్చు. 1945 మార్చి 27న అదే సైన్యం జపాన్ మీద తిరగబడింది, ఆ తేదీనే అక్కడ సాయుధ దళాల దినోత్సవం. ఆంగ్ సాన్‌ని 1947లో చంపేశారు. ఆ ముప్ఫై మందిలో ఇంకొకడి పేరు నే విన్. 1962 మార్చి 2న అధికారం పట్టేసి, దుకాణాలూ బ్యాంకులూ మిల్లులూ ప్రభుత్వపరం చేసి, 1964లో పెద్ద నోట్లు రద్దు చేసి, సుమారు మూడు లక్షల మంది భారతీయుల్ని దేశం వదిలేలా చేశాడు.

1942లో నడిచొచ్చినవాళ్ళలో కొందరు యుద్ధం అయ్యాక మళ్ళీ రంగం వెళ్ళారు, ఇక్కడ భూమి లేదు, అక్కడ తెలిసిన పనుంది మరి. వాళ్ళే ఇరవై ఏళ్ళకి రెండోసారి, ఈసారి ఓడల్లో, మద్రాసుకీ విశాఖకీ దిగారు. విశాఖ కంచరపాలెం వైపు వెళ్తే బర్మా క్యాంపు అని ఇప్పటికీ బస్సులో పిలుస్తారు. ఆ పేరు బాంబుల వల్ల రాలేదు.